సోడియం ఆల్జినేట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సోడియం ఆల్జినేట్ గారికి,

సముద్రపు నాచులోంచి వచ్చే పాలిమర్ తమరు; కాల్షియం తగిలితే జెల్ కడతారని, కణాలను లోపల పెట్టి పెంచడానికి తమరిని నమ్ముకున్నాం. తమరు క్షేమమేనని తెలుసు. నిన్న ఇన్‌క్యుబేటర్‌లోంచి తీసిన ప్లేటులో జెల్ లేదు. కణాలన్నీ అడుగున ఒక మూలకు చేరాయి, కణాలను పెంచే గులాబీ రంగు ద్రవం (మీడియం) మాత్రం కాస్త జిగటగా ఉంది. తమరు ఎక్కడికీ పోలేదన్నమాట, అందులోనే కలిసిపోయారు.

తమది గొప్ప వంశం. తమరిని నాచులోంచి తీసే పద్ధతికి 1881లో స్టాన్‌ఫర్డ్ అనే బ్రిటిష్ రసాయనవేత్త పేటెంట్ తీసుకున్నాడు. "మొక్కల పాలిమర్" అన్న బిరుదొకటి ఉంది గానీ, గోధుమ రంగు సముద్రపు నాచును వృక్షశాస్త్రజ్ఞులు మొక్కల్లోనే కలపరు. సరే, పోనిద్దురూ.

తమరి సేవ మామూలుది కాదు. 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల పొడి ఒక్కసారిగా పోస్తే ఉండలు కడతారు. సుడి తిరుగుతున్న నీటిలో చిటికెడు చిటికెడుగా చల్లి రాత్రంతా తిప్పాలి. సూక్ష్మజీవులు చావాలని 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో పెడితే తమరి అణువుల గొలుసులు తెగి పలచబడతారు. 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో పోద్దామంటే సిరంజి నొక్కే బొటనవేలికి దండం పెట్టుకోవాలి. 1 శాతం కన్నా పలచగా వడకట్టి, ఫ్రీజ్ డ్రై చేసి, మళ్లీ స్టెరైల్ నీటిలో కలిపితేనే తమరికి శాంతి.

100 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్‌లో వదిలితే తమరి పైతోలు క్షణంలో బిగుస్తుంది, లోపల జావ జావగానే ఉంటుంది. అందుకే కాల్షియం కార్బొనేట్ నలిపి కలిపి, చివర్లో అప్పటికప్పుడు కరిగించిన గ్లూకోనో డెల్టా లాక్టోన్ పోస్తాం; అది మెల్లగా ఆమ్లంగా మారుతూ కార్బొనేట్‌లోంచి కాల్షియాన్ని అంతటా వదిలిస్తుంది. 1 గ్రాము కార్బొనేట్‌కు 3.56 గ్రాముల లాక్టోన్, అంటే ఒక మోల్ కార్బొనేట్‌కు రెండు మోల్‌ల లాక్టోన్. తగ్గితే కార్బొనేట్ మిగులుతుంది, ఎక్కువైతే ఆమ్లానికి కణాలు చస్తాయి. లాక్టోన్‌ను ముందే కరిగించి పెట్టుకుంటే అది ఆగదు, గ్లూకోనిక్ ఆమ్లమైపోతుంది.

ఇన్ని చేసి ఒక్కసారి పీబీఎస్‌తో (కణాలను కడిగే ఫాస్ఫేట్ ఉప్పునీటితో) కడిగితే చాలు, జెల్ కరిగిపోతుంది. అందులో 137 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ ఉంటాయి, కాల్షియం చుక్క కూడా ఉండదు. ఫాస్ఫేట్ కాల్షియాన్ని లాగేస్తుంది, ఖాళీ అయిన చోట సోడియం కూర్చుంటుంది. ఏ ఎండకా గొడుగు పట్టడం తమరికి వెన్నతో పెట్టిన విద్య. కడగాలంటే ఫాస్ఫేట్ లేని హెప్స్ బఫర్‌లో 2 నుంచి 5 మిల్లీమోలార్ కాల్షియం కలుపుకోవాలని ప్రొటోకాల్‌లో ఎవడూ రాయడు.

దీన్ని బయోడిగ్రేడబుల్ (ఒంట్లో దానంతటదే తెగి విడిపోయేది) అంటారా? కాల్షియం ఊడింది, అంతే. గొలుసు ఒక్కటీ తెగలేదు. నిన్ను కోసే లయేజ్ ఎంజైమ్ మా ఒంట్లో లేదని నీకు తెలియదా? సుమారు 50 వేల డాల్టన్ల అణుభారం దాటిన గొలుసులు కిడ్నీ వడపోతలోంచి పోవని తెలియదా? నాలుగు వారాలు నిలబడాల్సిన చోట నాలుగు రోజుల్లో జారుకుంటావు, పోవాల్సిన రోజున మాత్రం బంధువులా తిష్ఠ వేస్తావు! నిన్ను నిజంగా తెగేలా చేయాలంటే చీకట్లో పీరియోడేట్ అనే ఆక్సీకరణితో నూటికి అయిదు చక్కెర యూనిట్లు మించకుండా ఆక్సీకరించాలి, మిగిలిన పీరియోడేట్‌ను ఇథిలీన్ గ్లైకాల్‌తో చంపాలి, ఆపైన పొర సంచిలో పెట్టి చిన్న అణువులను బయటికి పంపే డయాలసిస్. కాస్త మించిందా, కాల్షియానికి పట్టు దొరికే గులురోనేట్ అనే చక్కెర యూనిట్ల వరసలే చెడి, జెల్లే కట్టవు. కణాలకు పట్టు ఇచ్చే ఆర్‌జీడీ అనే చిన్న ప్రొటీన్ ముక్క (పెప్టైడ్) తగిలించందే ఒక్క కణమూ నిన్ను పట్టుకోదు, అది వేరే ఏడుపు.

అయినా వేడి అక్కర్లేదు, ద్రావకం అక్కర్లేదు, అతినీలలోహిత కాంతీ అక్కర్లేదు. కణాలను బతికుండగానే లోపల పెట్టుకుంటావు, కాల్షియాన్ని లాగేసే సిట్రేట్ 55 మిల్లీమోలార్ పోస్తే బతికుండగానే తిరిగి ఇస్తావు. ఈ మర్యాద ఎరిగినవాళ్లు మీ పాలిమర్లలో ఎక్కువమంది లేరు.

వచ్చే డబ్బా మీద "మీడియం విస్కాసిటీ" (మధ్యరకం జిగట) అని రాసి ఊరుకోకుండా గులురోనేట్ ఎంత, దాని జత చక్కెర మాన్యురోనేట్ ఎంత, అణుభారం ఎంత, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) ఎంత అన్నీ రాయించుకుని రా.

ఇట్లు,
మళ్లీ పొడి తూచుకుంటున్న ఒక లాబ్ బాధితుడు