దత్తత ఫారంలో గోత్రం గడి ఏదీ?

దత్తత కోరేవారు పేరు నమోదు చేసుకునే ప్రభుత్వ పోర్టల్‌లో ఘోరమైన లోపాలున్నాయి. ఆడపిల్లా, మగపిల్లాడా, ఎవరైనా సరేనా అని అడుగుతుంది. వయసెంత, ఆరోగ్యం ఎలా ఉండాలి, ఏ రాష్ట్రం అంటుంది. అంతే! గోత్రం, నక్షత్రం, మేనిఛాయ... వీటి ఊసే లేదు. పెళ్లిసంబంధమంటే ఏడు తరాలు ఆరా తీసే జాతికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

ఆ అవమానాన్ని దిగమింగుకొని మనవాళ్లు ఏకగ్రీవంగా ఒకటే కోరుతున్నారు: రెండేళ్లలోపు, ఏ జబ్బూ లేని పసికందు. అందుకే ఆ క్యూ మూడేళ్లు దాటిపోయింది. పక్కనే ఎనిమిదేళ్ల పిల్లలు, విడదీయకూడని అక్కాతమ్ముళ్లు, వైద్యం అవసరమైనవాళ్లు ఉన్నారు. అటువైపు మాత్రం తోపులాట లేదు. మనకు ఎంత క్రమశిక్షణ!

"పెద్దపిల్లలు మనల్ని అంటిపెట్టుకోరండీ" అని పెద్దలు సెలవిస్తారు. నిజమే. పాలు పట్టి పెంచిన సొంత కొడుకు డాలస్ నుంచి ఆదివారం వీడియో కాల్‌లో ఎంతలా అంటిపెట్టుకున్నాడో అపార్ట్‌మెంట్ అంతా చూస్తూనే ఉంది.

ఇక వయసు లెక్క. దంపతులిద్దరి వయసులు కలిపి 85 దాటితే రెండేళ్లలోపు బిడ్డను ఇవ్వరు. 100 దాకా అయితే నాలుగు నుంచి ఎనిమిదేళ్లవారు, 110 దాకా అయితే ఆపై వయసువారు. బిడ్డ పెద్దయ్యేదాకా తల్లిదండ్రులు బతికి ఉండాలన్నది ప్రభుత్వ దుర్బుద్ధి. ఐవీఎఫ్‌లు, మొక్కులు, అత్తగారి అనుమతి పూర్తయ్యేసరికి కూడిక 86కు చేరుతుంది. నిబంధనలదే తప్పు, సందేహం లేదు.

అడ్డదారీ ఉంది. "తెలిసిన నర్సమ్మ" ద్వారా నర్సింగ్‌హోంలోనే బేరం. అక్కడ రంగు కూడా చూసుకోవచ్చు. కాకపోతే జువనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ కింద పిల్లల్ని అమ్మినా కొన్నా ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష జరిమానా. ఆసుపత్రివాళ్లయితే మూడు నుంచి ఏడేళ్లు. రసీదు మాత్రం ఎవరూ ఇవ్వరు.

"రేపు కన్నతల్లి వచ్చి అడిగితే?" అని మేనత్తగారి ప్రశ్న. బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి అరవై రోజులు గడువిస్తారు. దొరికిన పిల్లలైతే బాలల సంక్షేమ సమితి విచారణ జరిపిస్తుంది. అది తేలాకే దత్తతకు అర్హత. 2022 సెప్టెంబరు నుంచి ఆఖరి ఉత్తర్వు కోర్టు కాదు, కలెక్టరే ఇస్తున్నారు. అయినా మేనత్తగారి సంతకం లేనిదే మన దగ్గర ఏదీ చెల్లదు.

ఆరేళ్లు దాటి, చూడటానికి ఎవరూ రాని పిల్లలకు ఫోస్టర్ కేర్ ఉంది. ఇంట్లో పెట్టుకుని పెంచడమే, దత్తత కాదు. అయితే 2024 మార్గదర్శకాల ప్రకారం అదే కుటుంబంలో రెండేళ్లు గడిస్తే దత్తతకు అడగొచ్చు. ఇదివరకు ఐదేళ్లు. ఈ మాట చెవిన పడగానే "ట్రయల్ ఆఫరా?" అనేవారుంటారు. నచ్చకపోతే వెనక్కి పంపేయడానికి అది చెప్పుల జత కాదు బాబూ.

వచ్చిన కొత్తలో పిల్లలు చెప్పిన మాట వింటారు. తర్వాతే పరీక్ష. దిండు కింద బిస్కెట్లు దాస్తారు, బడిలో కొడతారు, "నన్నెప్పుడు పంపేస్తారు?" అంటారు. పంపేస్తారో లేదో తేల్చుకోవడానికే ఆ గొడవంతా. దీనికి మనవాళ్ల వైద్యం సిద్ధం: ఏడేళ్లుగా పిలిపించుకున్న పేరు తీసేసి, న్యూమరాలజీ ప్రకారం రెండు 'ఏ'లు, ఒక 'హెచ్' తగిలించి కొత్తది పెట్టడం. అయినా మాట వినకపోతే పిల్లదే దోషం.

అన్నిటికన్నా అన్యాయం ఇంకోటుంది. వయసును, తెలివిడిని బట్టి పిల్లల ఇష్టాన్నీ పరిగణించాలంటుంది చట్టం. పెళ్లిచూపుల్లో అమ్మాయినే అడగని మనం, ఎనిమిదేళ్ల పిల్ల ముందు కూర్చుని "మేం నచ్చామా తల్లీ?" అని అడగాలట. త్రిబుల్ బెడ్‌రూం అని చెప్పినా ఆలోచించి చెబుతానంటే?