తల్లీబిడ్డల ఆరోగ్యం: నెల్లూరు వాడల్లో అడిగే సంఘాలు కావాలి

ఆంధ్రప్రదేశ్‌లో జరిగే కాన్పుల్లో 96.5 శాతం ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అదే సర్వే ప్రకారం రాష్ట్రంలోని గర్భిణుల్లో సగానికి పైగా, ఆరు నెలలు దాటి ఐదేళ్లు నిండని పిల్లల్లో 63 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, కాన్పుకు ఆసుపత్రికి రమ్మని తల్లులను ఒప్పించే దశ చాలావరకు దాటిందని, ఆ కాన్పుకు ముందు తొమ్మిది నెలలూ తర్వాత రెండేళ్లూ అందవలసినవి అందడం లేదని అర్థమవుతుంది. పైగా ఇవి సగటు లెక్కలు. నెల్లూరు పొగతోటలోని ప్రైవేటు ఆసుపత్రిలో వేళకు పరీక్షలన్నీ చేయించుకోగల ఇల్లాలూ, పెన్నా పొర్లుకట్ట మీద రేకుల ఇంట్లో ఉంటూ నాలుగిళ్లలో పాచిపని చేసే గర్భిణీ పట్టణ మహిళలన్న ఒకే గడిలో లెక్కకు వస్తారు.

పట్టణ పేదలకు ప్రత్యేకమైన ఏర్పాటు కావాలన్న గుర్తింపుతోనే 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ మొదలైంది. యాభై వేల జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, వాడవాడకూ ఆశా కార్యకర్త, యాభై నుంచి వంద ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి దాని నిర్మాణం. సమితికి ఏటా 5,000 రూపాయలు నిధి ఇవ్వాలి. ఆ సమితి సేవలు ఎలా అందుతున్నాయో కనిపెట్టి చూడాలని, వాడ అవసరాలను పైవాళ్ల దృష్టికి తీసుకుపోవాలని కూడా మార్గదర్శకాల్లో ఉంది. అయితే ఆచరణలో ఇలాంటి సమితులకు ఎక్కువగా మిగిలే పని పిలిచినప్పుడు కూర్చోవడం, చెప్పింది వినడం, రిజిస్టరులో సంతకం పెట్టడం. ఆకుకూరలు తినమని, ఐరన్ మాత్రలు మానవద్దని చెప్పే మాటలు అవసరమైనవే. కాని మాత్రలే అందని నెలలో ఆ మాట ఎవరికి చెప్పాలో సమితికి తెలియకపోతే, బాధ్యత అంతా తిరిగి తల్లి నెత్తినే పడుతుంది.

మాట్లాడుకున్నంత మాత్రాన మార్పు వస్తుందా అన్నదానికి మన దేశంలోనే రెండు భిన్నమైన ఫలితాలు ఉన్నాయి. జార్ఖండ్, ఒడిశాల్లోని గిరిజన గ్రామాల్లో మహిళా బృందాలు తమ సమస్యలను తామే చర్చించుకుని పరిష్కారాలు వెతుక్కున్న చోట నవజాత శిశు మరణాలు గణనీయంగా తగ్గాయని 2010లో వెలువడిన అధ్యయనం చూపించింది. ఇంచుమించు అదే పద్ధతిని ముంబయి మురికివాడల్లో అమలుచేసి 2012లో ఫలితాలు ప్రకటించినప్పుడు, బృందాలున్న వాడలకూ లేని వాడలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దీన్ని బట్టి నగరంలో సంఘాలు దండగ అనుకోవడం తొందరపాటు అవుతుంది. మారుమూల పల్లెలో శుభ్రమైన కాన్పు, పుట్టిన బిడ్డకు వెచ్చదనం వంటివి ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్న విషయాలు. నగరంలో ఆసుపత్రి దగ్గరే ఉంటుంది, తల్లి అక్కడికే వెళుతుంది, లోపల ఆమెకు దొరికే వైద్యం మాత్రం ఆమె చేతిలో ఉండదు. అందువల్ల నగరంలోని సంఘం తన మాటను తల్లి వైపు నుంచి ఆసుపత్రి వైపు, కార్పొరేషన్ వైపు తిప్పాలన్నది నా అభిప్రాయం.

ఇలా తిప్పడం ఈ జిల్లాకు కొత్తేమీ కాదు. అక్షరాస్యతా ఉద్యమం రగిలించిన చైతన్యంతో దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మీదికి వెళ్లారు. తాగుడు మానమని మగవాళ్లకు నచ్చజెప్పడంతో వాళ్లు ఆగలేదు. దుకాణాలు మూయించి, వేలంపాటలను అడ్డుకుని, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చేదాకా వెంటపడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు అందుకే నిలిచింది. ఏం కావాలో, ఎవరిని అడగాలో వాళ్లకు స్పష్టంగా తెలుసు.

నెల్లూరు వాడల్లో అడగవలసినవాటిలో మొదటిది కాగితాల సంగతి అని నేను అనుకుంటాను. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. ఉదయగిరి వైపు మెట్ట పల్లెల నుంచి నగరానికి కోడలుగా వచ్చిన అమ్మాయి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఊరికి వెళ్లి, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో రాగానే తిరిగి వస్తుంది. ఆ మధ్యకాలంలో ఇక్కడి ఏఎన్ఎం (ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సు) పుస్తకంలో ఆమె వెళ్లిపోయిన మనిషి, అక్కడి పుస్తకంలో చూడవచ్చిన చుట్టం. సరిగ్గా రక్తపోటు కనిపెట్టవలసిన వారాల్లో, సరిగ్గా బిడ్డకు టీకాలు పడవలసిన వారాల్లో ఆమె రెండు రికార్డుల సందున పడిపోతుంది. జిల్లాలో అధిక సంఖ్యలో ఉన్న యానాది గిరిజన కుటుంబాలది ఇంకా కష్టమైన స్థితి. జనన ధ్రువపత్రం లేక ఆధార్ లేదు, ఆధార్ లేక బ్యాంకు ఖాతా లేదు, ఆ రెండూ లేక తొలికాన్పుకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన ఇచ్చే 5,000 రూపాయలు లేవు. 2021 నవంబరు వరదల్లో పొర్లుకట్ట, భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం మునిగినప్పుడు చూశాం, ఇల్లు మునిగితే సామానుతో పాటు కాగితాలూ పోతాయి. ఎంసీపీ కార్డు, అంటే తల్లీబిడ్డల పరీక్షలూ టీకాలూ రాసే కార్డు, పోయిన తల్లికి టీకాల వివరాలతో సహా కొత్త కార్డు రాసి ఇవ్వడం, పుట్టింటికి వెళ్లే గర్భిణి పేరు అక్కడి ఏఎన్ఎంకు ముందే తెలియజేయడం డబ్బు ఖర్చు లేని పనులు. వార్డు సచివాలయం స్థాయిలోనే వీటిని సాధించవచ్చు.

ఓపీ వేళలు మరొకటి. పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 గంటల దాకా ఓపీ నడవడం మంచిదని మిషన్ పత్రమే సూచించింది. కూలికి వెళ్లే మనిషికి పొద్దుటి ఓపీ అంటే ఒకరోజు కూలి పోవడమే. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, ఇంటికి చేర్చే వాహనం ఉచితమని 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతున్నా, ఆ జాబితా చేతిలో పట్టుకుని వార్డులోకి వెళ్లే తోడు పేద తల్లికి లేదు. సమితి సభ్యురాలు ఒకరు వెంట ఉంటే చేయి చాచేవాళ్లు వెనక్కి తగ్గుతారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సమితికి ఆశా కార్యకర్తే సభ్య కార్యదర్శి. గౌరవ వేతనం మీద బతికే ఆమె, తనకు పని చెప్పే ఏఎన్ఎం మీదో వైద్యాధికారి మీదో అర్జీ రాయించగలదని ఆశించడం అన్యాయం. ఆశాలను నిందించడానికి సంఘాలు పూనుకుంటే అది మరింత అన్యాయం, ఎందుకంటే మందులు రాకపోవడానికి వాళ్లు కారకులు కారు. అర్జీ రాసే పని పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద ఉన్న మహిళా పొదుపు సంఘాల సమాఖ్యలు తీసుకోవాలి. లెక్కలు రాయడం, బ్యాంకు అధికారులతో మాట్లాడడం, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమానికి వెళ్లడం వాటి లీడర్లకు అలవాటున్న పనులే. అర్జీలో ఫలానా కాలనీలో ఫలానా నెలలో ఎందరు గర్భిణులకు హిమోగ్లోబిన్ పరీక్ష జరగలేదో రాసి ఉంటే అధికారి దాన్ని సాధారణ విన్నపంలా పక్కన పెట్టలేరు.

అన్నిటికన్నా తక్కువగా వాడుకుంటున్న అవకాశం మాతృ మరణాల సమీక్ష. గర్భిణిగానో బాలింతగానో ఒక స్త్రీ చనిపోతే ఏ దశలో ఎక్కడ ఆలస్యం జరిగిందో విచారించాలని, జిల్లా కలెక్టరు సమక్షంలో జరిగే సమీక్షకు ఆమె కుటుంబ సభ్యులను పిలిచి వినాలని నిబంధన ఉంది. కూతురిని పోగొట్టుకున్న తల్లి, భార్యను పోగొట్టుకున్న కూలీ అంతమంది అధికారుల ముందు నోరు విప్పడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఆ రోజు వాళ్ల పక్కన వాడ సమితి నుంచి ఒకరు కూర్చోవడానికి అనుమతి ఇవ్వాలి. సమీక్షలో బయటపడిన లోపాన్ని, పేర్లు చెప్పకుండా, అదే వాడలో సమావేశం పెట్టి వినిపించాలి. వాహనం రాలేదా, రక్తం దొరకలేదా, ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి పంపడంలో గంటలు గడిచాయా అన్నది ఆ వాడలో ఇప్పుడు నెలలు నిండుతున్న మిగతా ఆడవాళ్లకు తెలియాలి.