రెండు గ్రాఫిక్స్ కార్డుల మధ్య సందు గారికి

మహారాజశ్రీ సందు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. నా కంప్యూటర్‌లో ఆటల బొమ్మలు గీసే ఈ ఉభయుల్లో కింది కార్డు కుశలమే. 45 డిగ్రీల దగ్గర ఫ్యాన్లు ఆపేసుకుని హాయిగా ఉంది. పై కార్డు మాత్రం 84 దగ్గర రొప్పుతోంది. మధ్యలో తమరు, చిటికెన వేలు కూడా దూరని వెడల్పుతో, ఏమీ ఎరగనట్టు కొలువుతీరి ఉన్నారు.

ఇవాళ మధ్యాహ్నమంతా తమ సేవకే ధారపోశాను. కేబుళ్లన్నీ వెనక్కి లాగి కట్టాను. చిప్ వేడిని బయటికి అందించే థర్మల్ పేస్ట్ ఎండిపోతే తుడిచేసి కొత్తది పూశాను. ముందు ఫ్యాన్లు గాలి లోపలికి తెచ్చేలా, వెనకవీ పైవీ బయటికి తోసేలా శాస్త్రోక్తంగా అమర్చాను. ఆట మొదలుపెట్టి కాసేపు గడిచిందో లేదో, మళ్లీ అదే 84. అది ఆ కార్డు లక్ష్మణరేఖ. అక్కడికి చేరాక తన వేగం తనే తగ్గించుకుంటుంది కాబట్టి అంకె కదలదు, తెర మీద క్షణక్షణం గీసే బొమ్మలు, అదే ఫ్రేములే, రాలిపోతాయి.

తమకు తెలియనిదేముంది, పై కార్డు ఫ్యాన్లు నేల చూపు చూస్తాయి. పీల్చుకోవలసిన గాలి తమలోంచే రావాలి. తమలో ఏముంది గనక? కింది కార్డు వీపు. ముందు ఫ్యాన్లు తెచ్చిన చల్లగాలి తమ గుమ్మం దాకా వచ్చి, లోపలికి దూరలేక పక్కనుంచి పోతుంది. పరుగు పందెంలో ఉన్నవాడి ముక్కుకు దిండు అదిమిపట్టి, ఇంకా వేగంగా పరుగెత్తమన్నట్టుంది తమ పాలన.

రెండు కార్డులూ పనిచేసిన రోజుల్లో ఇదంతా భరించాను. కింది కార్డు కక్కిన వేడే పై కార్డుకు ఊపిరి, నిజమే. పోనీలే, అదీ చాకిరీ చేస్తోంది కదా, ఒక ఫ్రేము ఇది గీస్తే మరో ఫ్రేము అది గీస్తోంది కదా అని సరిపెట్టుకున్నాను. ఇవాళ్టి ఆటకు అసలు రెండో కార్డుతో పనే లేదు! ఈ కార్డుల తయారీదారు ఎన్విడియా 2021 జనవరి 1 నుంచి ఆర్‌టిఎక్స్ 20 శ్రేణికి, అంతకు ముందువాటికి కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు, అంటే ఒకే ఆటను రెండు కార్డులూ ఎలా పంచుకోవాలో చెప్పే చీటీలు, రాయడం మానేసింది. ఇక ఆట రాసేవాళ్లే పూనుకుని రెండో కార్డును పనిలో పెట్టాలి. ఎవరికి పట్టింది? అంటే, కింది కార్డు గారు ఇప్పుడు ఒక్క ఫ్రేము కూడా గీయరు. పైవాడికి ఊపిరాడకుండా అడ్డం పడుకోవడమే వారి ఉద్యోగం. ఆ ఉద్యోగానికి కార్యాలయం తమరు.

మిగతా పరివారం గురించి ఎక్కువ చెప్పను. ఒక్కో కార్డుకు 11 జీబీ మెమరీ. రెండూ కలిస్తే మళ్లీ 11 జీబీయే, ఏ గణితమో మరి. క్యాబినెట్ ముందు వైపు గాజు పలక, గాలి తప్ప అన్నీ కనిపిస్తాయి.

తమరిని వెడల్పు చేద్దామనీ చూశాను. కింది కార్డును ఇంకో మెట్టు దింపుదామంటే ఆ స్లాటుకు డేటా నడిచే దారులు, అదే లేన్లు, నాలుగే, ఎస్‌ఎల్‌ఐకి కనీసం ఎనిమిది కావాలి. వేడిని వెనక నుంచి బయటికి ఊదేసే బ్లోయర్ కార్డులైతే తమ ఇరుకులోనూ ఎలాగో నెట్టుకొస్తాయి, కాకపోతే ఆ రొదకు ఇంట్లోవాళ్లు నన్ను బయటికి ఊదేస్తారు. నీటితో చల్లబరిచే వాటర్ బ్లాకులు బిగిస్తే కార్డులు సన్నబడి తమరు విశాలమైపోతారు. గాలితో అవసరం తీరిపోయాక!

ఎందుకయ్యా నువ్వు అసలు? ఉంటే గాలి ఆడేలా ఉండు, లేకపోతే పూర్తిగా మూసుకుపో! పనిచేసేటప్పుడు కార్డుకు 250 వాట్లు పోస్తున్నాను, ప్రతి వాటూ చివరికి వేడిగా నా గదిలోకే వస్తోంది. దారిలో నీ దగ్గర ఇంతసేపు మకాం దేనికి?

కోపంలో కింది కార్డు పీకడానికి స్క్రూడ్రైవర్ కూడా తీశాను. ఎందుకైనా మంచిదని చివరిసారి ఒక పాత ఆట పెట్టాను. దానికి ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైలు ఉంది. రెండు కార్డులూ ఒక్కసారి ఒళ్లు విరుచుకుని లేచాయి. మధ్య మధ్య కాస్త తడబడినా, ఫ్రేములు దూకుతున్నాయి చూడు, అబ్బో! పై కార్డు సంగతి సరేసరి, అదే 84. స్క్రూడ్రైవర్ సొరుగులో పెట్టేశాను.

పక్క పలక మాత్రం ఇక బిగించను. దుమ్ము పడితే పడనీ.

ఇట్లు,
కార్డు లాగే కరెంటు పరిమితిని (పవర్ లిమిట్) 80 శాతానికి దించి, ఇంకా ఆడుతూనే ఉన్న
నీ యజమాని