ఆరు రాత్రుల లడఖ్ ఐటినరీకి బహిరంగ లేఖ

ప్రియమైన ఐటినరీకి,

ముక్కూ మొహం తెలియనివాళ్లంతా కలిసి వెళ్లే గ్రూపు టూరుకి రోజువారీ ప్రోగ్రాంగా, వాట్సాప్‌లో నాలుగు పేజీల పీడీఎఫ్‌గా వచ్చావు. మొదటి పేజీలో నీలం సరస్సు, దాని ఒడ్డున చేతులు చాపి నిలబడ్డ ఎవరో అమ్మాయి, కింద ‘అపరిచితులుగా రండి, కుటుంబంగా వెళ్లండి’ అని పెద్దక్షరాలు. మన కుటుంబాల సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ మాటతో టికెట్లు అమ్మరు. అయినా సరేలే.

నీతో నా పేచీ ఒక్కటే. కిలోమీటర్లు రాశావు, గంటలు రాశావు, ఏ పూట పోహా పెడతారో ఏ పూట పరాఠా పెడతారో కూడా రాశావు, కానీ మేం ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామో మాత్రం ఎక్కడా రాయలేదు. నీ రెండో రోజు ఇదీ: ‘టిఫిన్ అనంతరం మనాలి నుంచి సర్చుకు ప్రయాణం. దారి పొడవునా కనువిందు. రాత్రి నక్షత్రాల కింద టెంట్‌లో బస. క్యాంప్‌ఫైర్, అంత్యాక్షరి.’

మనాలి దాదాపు 2,050 మీటర్ల ఎత్తులో ఉంటుంది. సర్చు 4,290. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకోమని డాక్టర్లు చెబుతారు. నువ్వు ఒక్క పగటిపూటలో 2,200 మీటర్లు ఎక్కించి, దానికి ‘నక్షత్రాల కింద బస’ అని పేరు పెట్టావు. తిరుమల ఘాట్ రోడ్డులోనే చెవులు మూసుకుపోయాయని ఆవలించే మనుషులం మేం. ఆ కొండ ఎత్తు సుమారు 2,800 అడుగులైతే సర్చు 14,000, అంటే ఐదు తిరుమలలు ఒకదానిమీద ఒకటి పేర్చి, ఆ కొసన మమ్మల్ని కూర్చోబెట్టి పాటలు పాడమన్నావన్నమాట. ‘మ’ అక్షరంతో పాట ఎత్తుకున్న నాగపూర్ కుర్రాడు పల్లవి సగంలో ఆగి, నీళ్లు తాగి, ఎవరికీ చెప్పకుండా టెంట్‌లోకి వెళ్లి పడుకున్నాడు. మిగతావాళ్లం కూడా చరణం అడగలేదు.

దారిలో జిస్పా అనే ఊరుంది. భాగా నది పక్కన, 3,200 మీటర్ల దగ్గర, హోటళ్లు కూడా ఉన్నాయి. ఒక రాత్రి అక్కడ ఆగితే ఒళ్లు కాస్త అలవాటు పడుతుంది. కానీ అప్పుడు ఆరు రాత్రులు ఏడవుతాయి, రేటు పెరుగుతుంది, పక్కవాడి పీడీఎఫ్ చవగ్గా కనిపిస్తుంది. నీ బాధ నాకు అర్థమైంది. నా తలనొప్పి నీకు అర్థమైతే బాగుండేది.

ఇక ‘ట్రిపుల్ షేరింగ్’ గురించి. మూడో మనిషికి కింద పరుపు వేస్తారన్నది చిన్న విషయం. ఆ ఎత్తులో నిద్రపోయేవాళ్ల ఊపిరి లయ తప్పుతుందని నువ్వు చెప్పలేదు. ఆక్సిజన్ తక్కువైతే మనిషి వేగంగా గాలి పీల్చి, దాంతో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, ఇక పీల్చాలన్న అవసరమే లేనట్టు శరీరం కొన్ని క్షణాలు ఊరుకుంటుంది. తర్వాత ఒక్క ఉదుటున పీల్చుకుంటుంది. అక్కడ చాలామందికి మామూలే అంటారు. ఈ వివరం తెలియకుండా, మనాలిలో టిఫిన్ దగ్గర పరిచయమైన ఒక రాజమండ్రి రిటైర్డ్ టీచర్ గారి పక్కన పడుకుని, అర్ధరాత్రి ఆవిడ ఊపిరి ఆగిపోవడం వినాలి ఎవరైనా. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాను. ఎనిమిది దగ్గర లేపుదామని చెయ్యి చాపాను. అంతలో పెద్దగా గాలి పీల్చి ‘ఏంటమ్మా, నిద్ర పట్టట్లేదా?’ అన్నారు. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు, వాటి మీద శాలువా, అందులోంచి ఆ గొంతు. ‘నీ ఊపిరి ఆగుతోందని నేను ఇందాకట్నుంచి మెలకువగానే ఉన్నాను, నిన్ను లేపితే బావుండదని ఊరుకున్నాను’ అని కూడా అన్నారు. ఆ పైన ఎవరు పడుకున్నాం? జిప్పు తెరిచి బయటికి చూస్తే నీ నక్షత్రాలు ఉన్నమాట నిజమే, కాదనను. చలికి రెండు నిమిషాలు కూడా చూడలేకపోయాం.

తెల్లారి గాటా లూప్స్. ‘21 మలుపులు, ఫోటో స్టాప్’ అన్నావు. సగం మలుపులు కూడా తిరగకముందే స్టాప్ వచ్చింది, ఫోటో కోసం కాదు. సీట్లు రోజూ మార్చుకోవాలన్న నీ రొటేషన్ రూలు అక్కడే గాలికి కొట్టుకుపోయింది. ముందు సీటు వాంతులొచ్చేవాళ్లది, కిటికీ రాబోయేవాళ్లది, వెనక సీటు ఇంకా జోకులేస్తున్నవాళ్లది. ముందురోజు దాకా రీల్స్ కోసం కిటికీ సీటు ఎవరికీ ఇవ్వనన్న బెంగళూరు అమ్మాయి, తనంతట తనే లేచి, పేరు కూడా సరిగ్గా తెలియని ఒక బ్యాంకు అంకుల్‌ని అక్కడ కూర్చోబెట్టి, ఆయన వీపు రాస్తూ కూర్చుంది. టీచర్ గారి సంచిలోంచి ఎండబెట్టిన ఉసిరికాయ ముక్కలు వచ్చి టెంపో ట్రావెలరంతా తిరిగాయి. హిందీవాళ్లు, కన్నడవాళ్లు, మనవాళ్లు, అందరూ చప్పరిస్తూ నోరు మూసుకుని కూర్చున్న ఆ గంటే మొత్తం ప్రయాణంలో ప్రశాంతమైన గంట. దీన్ని నువ్వు ‘టీమ్ బాండింగ్ గేమ్స్’ కింద వేసుకోకు.

సమన్వయం కోసమని వాట్సాప్ గ్రూపొకటి పెట్టించావు కదా, బయల్దేరేదాకా అందులో ‘హాయ్’లూ దండాలూ తప్ప ఏమీ లేవు, బయల్దేరాక అవీ లేవు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లడఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఈ ముక్క నాలుగో పేజీ అడుగున, క్యాన్సిలేషన్ షరతుల కింద, భూతద్దం పెట్టుకుంటే కనపడేంత సైజులో రాశావు. ఫలితంగా పోస్ట్‌పెయిడ్ ఉన్న ఇద్దరి ఫోన్ల నుంచి అందరి అమ్మలకూ ‘క్షేమం’ అని కబురు వెళ్లింది. మా అమ్మ ఇప్పటికీ ఆ నాగపూర్ కుర్రాడి నంబరుకి శుభోదయం పెడుతోంది, అతను బదులు కూడా ఇస్తున్నాడు.

నీ టైమింగుల గురించి మా డ్రైవర్ని అడగాల్సింది. ‘సాయంత్రం 4 గంటలకు లేహ్’ అని నువ్వు రాసింది చూపించి, ఎన్నింటికి చేరతాం భయ్యా అంటే ‘దేఖ్‌తే హై’ (చూద్దాం) అన్నాడు. మధ్యాహ్నం ఎండకి పైనున్న మంచు కరిగి నాలాలు, అంటే కొండవాగులు, రోడ్డు మీద పొంగుతాయి కాబట్టి తెల్లవారకముందే కదలాలన్నది ఆయన లెక్క. నీది ‘టిఫిన్ అనంతరం’. ఆ టిఫిన్ పుణ్యమా అని ఒక నాలా ముందు లారీల వెనక చాలాసేపు నిలబడి మ్యాగీ తిన్నాం. లేహ్ చేరేసరికి ఊరు నిద్రపోయింది.

ఎత్తు ఎక్కడా రాయలేదన్నాను, పొరపాటు లేకుండా చెప్పాలంటే ఒకచోట రాశావు. ఖార్దుంగ్ లా అనే కనుమ దగ్గర: ‘18,380 అడుగులు, ప్రపంచంలోకెల్లా ఎత్తైన మోటారు రోడ్డు’. జీపీఎస్‌తో కొలిచినవాళ్లు దాన్ని ఎప్పుడో 17,582 దగ్గరికి దించారు. 2021లోనే తూర్పు లడఖ్‌లో 19,024 అడుగుల ఉమ్లింగ్ లా రోడ్డుకి రికార్డు ఇచ్చారు. అంటే ప్రాణానికి పనికొచ్చే ఎత్తు దాచిపెట్టి, గొప్పకి పనికొచ్చే ఎత్తుకి మాత్రం ఎనిమిది వందల అడుగులు కలిపి చెప్పావు. పైగా అక్కడ ‘45 నిమిషాలు ఫోటోలు’ అట. గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో దాదాపు సగమే ఉన్నచోట, బోర్డు ముందు క్యూలో, బైకుల వాళ్లతో ‘మేం ముందొచ్చాం’ అని వాదిస్తూ ముప్పావు గంట! డ్రైవర్ పావుగంటకే హారన్ కొట్టి అందరినీ ఎక్కించేశాడు. ఆయనకి దండం పెట్టాలి.

పాంగాంగ్ సరస్సు మాత్రం నీ ఫోటో కన్నా బావుంది, ఒప్పుకోవాలి. అక్కడ కూడా ఒడ్డున పసుపు స్కూటర్లు పెట్టి, ఎక్కి ఫోటో దిగడానికి డబ్బులు తీసుకుంటున్నారు. బ్యాంకు అంకుల్ ఎక్కారు, రెండు సార్లు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నిన్న నీ తమ్ముడు వచ్చాడు గ్రూపులోకి. హిమాచల్‌లోని స్పితి లోయ, ఐదు రాత్రులు. ‘మొదటి రోజు: మనాలి నుంచి చంద్రతాల్, సరస్సు దగ్గర టెంట్‌లో బస’ అట. చంద్రతాల్ కూడా పద్నాలుగు వేల అడుగుల పైనే బాబూ, సర్చుకీ దానికీ పెద్ద తేడా లేదు. కిన్నౌర్ వైపు నుంచి మెల్లగా ఎక్కుతూ వచ్చి, దాన్ని ఆఖర్న పెట్టుకుంటే మీ సొమ్మేం పోయింది? నేను ఈ ప్రశ్న టైప్ చేస్తుండగానే టీచర్ గారు అడ్వాన్స్ కట్టిన స్క్రీన్‌షాట్ పెట్టి, కింద ఇలా రాశారు: ‘మన రూములో మూడో పరుపు ఎవరిదో ముందే తేల్చుకుందాం.’