కాలేయపు ఎంజైమ్‌కూ దిగుమతే దిక్కా?

వాడుకలో ఉన్న మందుల్లో మూడో వంతు నుంచి సగం దాకా ఒంట్లో విరిగేది ప్రధానంగా ఒకే ఎంజైమ్ వల్ల. కాలేయంలో ఉండే దాని పేరు సిప్ 3ఏ4. కొత్త మందు ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటే, రోగి అప్పటికే వాడుతున్న మరో మందు రక్తంలో పేరుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మందుల ల్యాబుల్లో ఈ పరీక్ష తప్పనిసరి. ఒకప్పుడు దీనికి దాతల కాలేయమే ఆధారం. ఇప్పుడు ఆ మానవ జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి, ఎంజైమ్‌ను దాని చేతే తయారు చేయిస్తున్నారు.

ఇదేమీ అందని విద్య కాదు. మానవ ఇన్సులిన్‌ను 1978లోనే ఈ.కోలైలో తీశారు. 1997లో హెపటైటిస్-బి రీకాంబినెంట్ (జన్యువును వేరే జీవిలో పెట్టి తీసే) టీకాను దేశానికి అందించింది హైదరాబాద్ కంపెనీ శాంతా బయోటెక్నిక్సే. అయినా మన యూనివర్సిటీ ల్యాబులు డ్రై ఐస్‌లో వచ్చే మైక్రోగ్రాముల ఎంజైమ్ ట్యూబు కోసం విదేశాల వైపే చూస్తున్నాయి. పార్సిల్ కస్టమ్స్‌లో ఆగి ఐస్ కరిగిందా, గ్రాంటు డబ్బు కరిగినట్టే. 2024 జూలై బడ్జెట్‌లో ల్యాబ్ రసాయనాలపై సుంకాన్ని 10 శాతం నుంచి ఏకంగా 150 శాతానికి పెంచినప్పుడు శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టారు. సొంత వాడకానికి తెచ్చుకునేవారికి కొద్దిరోజుల్లోనే మళ్లీ 10 శాతం చేశారు, అది వేరే సంగతి. మన పరిశోధన ఎంత సన్నటి దారానికి వేలాడుతోందో మాత్రం అప్పుడే బయటపడింది.

కొనడమే మేలని వాదించేవారి మాటలోనూ పస ఉంది. కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ 2 లాంటి మానవ ఎంజైమ్ బ్యాక్టీరియాలో పుష్కలంగా వస్తుంది, విద్యార్థులైనా తీయగలరు. సిప్ అలా లొంగదు. కణంలోని పొరకు అతుక్కునే దాని ముందు భాగాన్ని మార్చాలి, దానిలో ఇనుము ఉండే కీలక భాగమైన హీమ్ తయారీకి ముడిసరుకు అందించాలి, దానికి ఎలక్ట్రాన్లు అందించే రిడక్టేజ్ అనే జోడీని కలపాలి. 37 డిగ్రీల్లో తొందరపెడితే చాలా మానవ ప్రొటీన్లు ముద్దకట్టి పనికిరాకుండా పోతాయి. వేడి తగ్గించి రాత్రంతా ఓపిక పట్టాలి. చక్కెర గొలుసులు తగిలిస్తేనే పనిచేసే ఎంజైమ్‌లయితే బ్యాక్టీరియాలో సరిగా రానే రావు. పైగా ఇవాళ బాగా తీసిన పీహెచ్‌డీ విద్యార్థి రేపు వెళ్లిపోతే, తర్వాతి బ్యాచ్ ఎలా వస్తుందో దేవుడికే ఎరుక.

కాబట్టి ఎవరి ల్యాబులో వాళ్లు తంటాలు పడమని మేం చెప్పడం లేదు. చండీగఢ్‌లోని పరిశోధన సంస్థ ఇమ్‌టెక్ సూక్ష్మజీవులను, పుణెలోని మరో సంస్థ ఎన్‌సీసీఎస్ కణాలను దశాబ్దాలుగా భద్రపరచి పరిశోధకులకు అందిస్తున్నాయి. అమెరికాలో 2004లో మొదలైన యాడ్‌జీన్ లాభాపేక్ష లేకుండా ప్లాస్మిడ్‌లు (జన్యువును బ్యాక్టీరియాలోకి మోసుకెళ్లే డీఎన్ఏ వలయాలు) పంచుతోంది. జన్యువు చేతికొచ్చాక మిగిలేది మనుషులు, ఫ్రీజర్లు, క్రమశిక్షణే. సీసీఎంబీ, జీనోమ్ వ్యాలీ ఉన్న హైదరాబాద్‌లో ఎంజైమ్‌ల తయారీ కేంద్రం పెట్టడానికి ఇంకేం అడ్డం?

దానికి కేంద్రం, తెలంగాణ ప్రభుత్వం కలిసి నిధులివ్వాలి. కాంట్రాక్టు మీద కాకుండా శాశ్వత టెక్నీషియన్లను నియమించాలి. ప్రతి బ్యాచ్ శుద్ధత, చురుకుదనం ఎంతో అంకెలతో సహా బయటపెట్టాలి, తేలిపోయిన బ్యాచ్‌లవి కూడా. కంపెనీలు మార్కెట్ ధర కట్టి తీసుకుంటాయి. వరంగల్‌లోనో తిరుపతిలోనో పరిశోధన చేసే విద్యార్థికి మాత్రం తయారీ ఖర్చుకే ఇవ్వాలి.