పెట్టెడు మట్టి, నాలుగు వందల ఏళ్ళ నివాసం: రక్తపిశాచులకు స్థానికత ఇవ్వాల్సిందే

సొంతగడ్డ కోసం ప్రాణమిస్తామనేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. ప్రాణం పోయాక కూడా ఆ గడ్డను వదలనివాళ్ళు నాకు తెలిసి ఒక్క రుమేనియాలోని ట్రాన్సిల్వేనియా రక్తపిశాచులే. ఎన్నికలప్పుడు భూమిపుత్రుణ్ణని గుండె చరుచుకునే నాయకుణ్ణెవరినైనా పిలిచి, సొంతూరి మట్టి నింపిన పెట్టెలో ఒక్క రాత్రి పడుకోమనండి. ఏసీ ఉందా అంటాడు.

కాబట్టి బాధ్యత గల పౌరుడిగా డిమాండ్ చేస్తున్నాను. ఈ వంశాలవారికి రుమేనియా ప్రభుత్వం తక్షణం స్థానికత ధ్రువపత్రాలు జారీ చెయ్యాలి. నిజాం కాలపు ముల్కీ నిబంధనల్లో 15 ఏళ్ళు స్థిరంగా ఉంటే ముల్కీ, అంటే స్థానికుడు, అయిపోయేవాడు. డ్రాక్యులా దొర కొన్ని వందల ఏళ్ళుగా ఒకే కోటలో ఉన్నాడు. నివాసానికి రుజువుగా కరెంటు బిల్లు తెమ్మంటారేమో, ఆ కోటకు కరెంటు లేదు. ఫొటో తెమ్మంటే మరీ ఇబ్బంది, అద్దంలోనే కనబడడు.

బ్రామ్ స్టోకర్ 1897లో అచ్చువేయించిన నవలలో ఈ దొరగారి దేశభక్తి చూడాలి. ఇంగ్లండు నుంచి ఆస్తి కాగితాలు పట్టుకొచ్చిన కుర్ర వకీలును రాత్రంతా కూర్చోబెట్టి తన జాతి చరిత్ర చెబుతాడు. ఈ ప్రాంతంలో మనిషి రక్తంతో తడవని అడుగు నేల లేదంటాడు. ఆ రక్తంలో తన వాటా ఎంతో మాత్రం చెప్పడు. వంశచరిత్ర చెప్పేవాళ్ళందరికీ సరిగ్గా అక్కడే దగ్గొస్తుంది.

అంతటివాడు వలస వెళ్దామనుకున్నాడంటే ఎంత మథనపడి ఉంటాడు! సోఫాలో పడుకుని ఇంగ్లండు రైళ్ళ టైంటేబుల్ చదువుతూ వకీలు కంటబడ్డాడు. వీసా స్టాంపు పడకముందే డాలస్ అద్దెల గురించి మాట్లాడే మన కుర్రాళ్ళు గుర్తొచ్చారు నాకు. ఇక్కడ నేను దొరను, అక్కడ పరాయివాణ్ణి, పరాయివాణ్ణి ఎవరూ ఎరగరు అని వాపోయాడు. నా మాట విని ఎవడూ తలతిప్పి చూడకూడదు, యాస సరిచెయ్యి నాయనా అని బతిమాలాడు. ఇదే వకీలు ఇంకో పూట తలుపు సందులోంచి చూస్తే దొరగారే భోజనాల బల్ల సర్దుతున్నారు. పక్క దులిపి పరిచేదీ ఆయనే. అంత కోటలో ఒక్క నౌకరు లేడు. స్టేజి దగ్గర్నుంచి అతిథిని బండిలో తోలుకొచ్చిందీ దొరగారేనని వకీలుకు అప్పుడు వెలిగింది. పనివాళ్ళందరూ ఏమైపోయారని మాత్రం అడగలేదు. అతిథి మర్యాద.

అసలు సంగతి మట్టి. సొంత గడ్డ మట్టిలో పడుకుంటేనే దొరగారికి విశ్రాంతి. ఆయన ఇంగ్లండుకు తరలించింది 50 పెట్టెలు. అన్నిట్లోనూ సొంత కోట ప్రార్థనామందిరం కింది శ్మశానం మట్టే. నల్లసముద్రం మీది వర్ణా రేవులో ఓడ ఎక్కించి ఇంగ్లండు తీరంలోని విట్బీలో దించారు. సరుకు కాగితాల్లో ఏం రాశారో తెలుసా? మామూలు మట్టి, ప్రయోగాల నిమిత్తం అని. మన దగ్గర చెరువులోంచి ఒక ట్రాక్టరు మట్టి తోలాలంటే పర్మిట్టు, సీనరేజి, మధ్యలో ఆపినవాడికి టీ ఖర్చు. ఈయన దేశాలు దాటించాడు, ఒక్క కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టలేదు. పైగా మట్టంతా ఒకేచోట ఉంచలేదు. లండన్‌లో, దాని చుట్టుపక్కల పంచిపెట్టాడు: పర్‌ఫ్లీట్ బంగళాలో 29, పికడిల్లీలో 9, మైల్‌ ఎండ్‌లో 6, బర్మండ్సీలో 6. ఊళ్ళో పొలం అమ్మకుండా పట్నంలో నాలుగుచోట్ల ఇళ్ళు కొన్న పెద్దమనిషిని మీరూ చూసే ఉంటారు.

ఈ మట్టి నియమాన్ని తర్వాతి తరం మరీ దిగజార్చేసింది. అమెరికాలో 1991లో వచ్చిన 'వాంపైర్: ద మాస్కరేడ్' అనే, పిశాచాల పాత్రలు వేసి ఆడే ఆటలో జిమీసీ అని ఒక పిశాచ వంశముంది. తూర్పు ఐరోపా వాళ్ళు, సొంత ఇలాకా అంటే పడిచస్తారు. పాత నిబంధనల ప్రకారం వాళ్ళు నిద్రపోవాలంటే సొంత నేల మట్టి రెండు గుప్పిళ్ళు పక్కన ఉండాలి. లేకపోతే రోజుకు సగం చొప్పున బలం తగ్గిపోతుంది. ఆ దొరకు 50 పెట్టెలు, వీళ్ళకు రెండు గుప్పిళ్ళు! కోటాలో ఇంత కోత పడితే ఒక్క సంఘమూ ధర్నాకు దిగలేదు.

మరి స్థానికత ఎందుకు ఆగిందంటే, రికార్డులు తేడాగా ఉన్నాయి. నవలలో దొర తాను సెకెయ్ జాతివాణ్ణంటాడు. వాళ్ళది హంగేరియన్ భాష. పుస్తకం వచ్చేనాటికి ట్రాన్సిల్వేనియా హంగేరీ రాజ్యంలో ఉండేది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత 1920లో కుదిరిన ట్రియనాన్ ఒప్పందంతో రుమేనియాకు పోయింది. ఆ వంశంలో ఎవరైనా అప్పటికి పెట్టెలో పడుకుని ఉంటే, హంగేరీలో నిద్రపోయి రుమేనియాలో లేచి ఉంటారు. మట్టి అదే, తహసీల్దారు మారాడు. డ్రాక్యులా అన్న పేరుకు అసలు హక్కుదారైన పదిహేనో శతాబ్దపు రాజు వ్లాద్ ఏలిందేమో వలేకియాను, ట్రాన్సిల్వేనియా కొండలకు అవతలి పక్కను. యాత్రికులు డ్రాక్యులా కోటని టిక్కెట్టు కొనుక్కుని చూసే బ్రాన్ కోటతో ఆయనకు పెద్దగా సంబంధం లేదు. స్టోకర్ ఆ దేశంలో అడుగే పెట్టలేదు. బ్రాన్ కోటను 1920లో బ్రషోవ్ పట్టణం రుమేనియా రాణి మరియాకు కానుకగా ఇచ్చింది, 1948లో కమ్యూనిస్టు ప్రభుత్వం లాక్కుంది, 2006లో రాణిగారి వారసులకు తిరిగి దక్కింది. ఈ దావా నడిచినన్నాళ్ళూ పిశాచాల తరఫున ఒక్క వకాల్తా దాఖలు కాలేదు. పగటిపూట పనిచేసే కోర్టుల్లో వాళ్ళకు న్యాయం ఎలా దొరుకుతుంది?

విమర్శకులు ఒక మాట అంటారు: వీళ్ళు జనం రక్తం తాగుతారు కదా అని. తాగుతారు. కానీ ఎవరి రక్తం? పాత కథల్లో పిశాచి పొరుగూరి గడప తొక్కడు. ముందు పెళ్ళాం పిల్లలు, తర్వాత చుట్టాలు, ఆపైన ఇరుగుపొరుగు. స్థానికులకే ప్రాధాన్యమన్న సూత్రాన్ని ఇంత నిక్కచ్చిగా పాటించిన సంస్థ ఇంకోటి లేదు. సెర్బియాలో కిసిలెవో అనే ఊరు. 1725లో పీటర్ బ్లాగోయెవిచ్ అనే రైతు చనిపోయాడు. ఆ తర్వాత ఒకే వారంలో ఊళ్ళో తొమ్మిదిమంది పోయారు. పోతూ పోతూ వాడే వచ్చి మీద పడ్డాడన్నారు. వాడి భార్య ఇంకోటి చెప్పింది. రాత్రి ఇంటికొచ్చి చెప్పులు అడిగాడట. ఆస్తి కాదు, పంపకాలు కాదు, చెప్పులు.

ఆ ప్రాంతం 1718లోనే ఆస్ట్రియా చేతికొచ్చింది. అక్కడి అధికారి ఊరివాళ్ళతో ఏమన్నాడు? బెల్‌గ్రేడ్‌లో పైవాళ్ళ అనుమతి వచ్చేదాకా ఆగండన్నాడు. ఫైలు తిరిగొచ్చేలోపు ఊరే ఉండదు, మేం వెళ్ళిపోతాం అన్నారు వాళ్ళు. చేసేది లేక వెళ్ళి, గోరీలోంచి తవ్వితీసిన శవాన్ని చూశాడు. శవం చెడలేదనీ, నోట్లో తాజా నెత్తురుందనీ రాశాడు. వాళ్ళు గుండెలో మేకు దింపి కాల్చేశారు. నివేదిక చివర, ఇందులో తప్పేదైనా ఉంటే అది నాది కాదు, భయంతో మతిపోయిన జనానిది అని ఒక వాక్యం చేర్చాడు. మూడు వందల ఏళ్ళ కిందటి నివేదికే. తారీఖు మార్చుకుంటే ఈ సాయంత్రం కూడా పనికొస్తుంది.

గుర్తు పెట్టుకోవాల్సిందేమిటంటే, ఏ పిశాచీ ఎన్నడూ మట్టిని కొరకలేదు. మట్టిని పెట్టెల్లో పెట్టి పూజించింది, కొరికింది మనుషుల్నే. గడ్డ మీద ప్రేమకు ఇంతకన్నా స్పష్టమైన నిర్వచనం నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ప్రభుత్వాలు వీళ్ళకు మేలు చేసిన సందర్భం ఒక్కటే ఉంది. ఆస్ట్రియా మహారాణి మరియా తెరెసా తన వైద్యుడు ఫాన్ స్వీటెన్ నివేదిక చూసి, గోరీలు తవ్వి శవాల్ని కాల్చడం ఆపమని 1755లో ఆజ్ఞ ఇచ్చింది. పిశాచాలనేవి లేవన్నది వైద్యుడి వాదన. లేనివాళ్ళకు భూరక్షణ కల్పించిన చట్టం బహుశా అదొక్కటే. ఉన్నవాళ్ళకు ఇప్పటికీ లేదు.

ఇప్పటి దుస్థితి చూడండి. సెర్బియాలోనే జరోజ్యే అనే ఊళ్ళో, ఏటి ఒడ్డున ఒక పాత నీటి మర ఉండేది. సావా సావనోవిచ్ అనే పిశాచి నివాసం అదేనని, రాత్రిపూట గింజలు ఆడించుకోవడానికొచ్చిన వాళ్ళను పట్టుకునేదని చెబుతారు. 2012లో ఆ మర కూలిపోయింది. ఇల్లు పోయినవాడు ఇంకో ఇల్లు వెతుక్కుంటాడు కదా అని స్థానిక ప్రభుత్వం ఊరివాళ్ళకు హెచ్చరిక చేసింది. తలుపులకు వెల్లుల్లి వేలాడింది. మర ఎత్తు ఎంత, విస్తీర్ణం ఎంత, ఎన్నేళ్ళ నివాసం అని సర్వే చెయ్యడానికి ఒక్క ఉద్యోగి రాలేదు. నిర్వాసితుడి పేరు ఏ జాబితాలోనూ ఎక్కలేదు. ముంపు గ్రామాలవాళ్ళకు ఇంటికింత, పొలానికింత అని కనీసం కాగితం మీదైనా రాసిచ్చిన జాతి మనది. ఆ మాత్రం ఆయనకూ రాసివ్వండి. స్థలం పెద్దగా అక్కర్లేదు, రెండు గుప్పిళ్ళ మట్టి పట్టేంత చాలు. భోజనం సంగతి ఎప్పటిలాగే ఊరు చూసుకుంటుంది.