ఒడ్డూపొడుగుకు ఎంత ధర కట్టాలి?

2022 ఏప్రిల్ 28న లాస్ వెగాస్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్, అంటే కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం, మొదలైనప్పుడు మొదటి వంతు, అంటే మొదటి పిక్, జాక్సన్‌విల్ జాగ్వార్స్ చేతిలో ఉంది. అంతకుముందు సీజన్లో 17 మ్యాచ్‌ల్లో 14 ఓడిపోయిన జట్టు అది. వాళ్ల ముందు ప్రధానంగా రెండు పేర్లు ఉన్నాయి. ఒకరు మిషిగన్ యూనివర్సిటీ కుర్రాడు ఐడన్ హచిన్సన్. 2021 సీజన్లో అవతలి జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను విసరకముందే పడగొట్టడం, అంటే సాక్ చేయడం, 14 సార్లు చేసి చూపించాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో అతి పెద్ద అవార్డైన హైస్మన్ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. డిఫెన్స్ ఆటగాళ్లకు అంత దూరం వెళ్లే అవకాశం చాలా అరుదుగా వస్తుంది.

రెండో పేరు జార్జియా యూనివర్సిటీకి ఆడిన ట్రావోన్ వాకర్. మూడేళ్లలో మొత్తం కలిపి అతని సాక్స్ తొమ్మిదిన్నర. అయితే మనిషి ఆరడుగుల ఐదంగుళాలు, 123 కిలోలు. చేతుల పొడవు 35 అంగుళాలు దాటింది. అంత బరువుతో 40 గజాలు 4.51 సెకన్లలో పరిగెత్తాడు. జాగ్వార్స్ వాకర్‌ను తీసుకున్నారు. మరుక్షణం డెట్రాయిట్ లయన్స్ హచిన్సన్‌ను తీసుకున్నారు.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన మనకు ఒక్క మాట. డ్రాఫ్ట్‌లో ఆటగాడి కోసం డబ్బు పోటీ ఉండదు. గత సీజన్లో అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి అవకాశం, ఛాంపియన్‌కు చివరి అవకాశం. ఏడు రౌండ్లు నడుస్తుంది. ఎంపిక చేసుకునే వంతే అక్కడ అసలు సొమ్ము. కావాలంటే ఆ వంతును వేరే జట్టుతో మార్చుకోవచ్చు. టాప్ టెన్‌లో ఒక పిక్ వచ్చిందంటే జట్టు దశ తిరగడానికి అదొక పెద్ద అవకాశం. ఆ అవకాశాన్ని ఆడి చూపించినవాడి మీద పెట్టాలా, ఇంకా ఆట రాకపోయినా దేహం చూస్తే కళ్లు చెదిరే కుర్రాడి మీద పెట్టాలా అన్న గొడవ ప్రతి ఏప్రిల్‌లోనూ వస్తుంది.

టాప్ పిక్ ఆడి చూపించినవాడికే ఇవ్వాలని నా వాదన. శరీర సామర్థ్యానికి విలువ లేదని కాదు. దానికి కడుతున్న ధర తప్పు అంటున్నాను.

ముందు ఈ కొలతలు ఎక్కడ పుడతాయో చూడాలి. ఏటా సీజన్ ముగిశాక ఇండియానాపోలిస్‌లో కంబైన్ జరుగుతుంది. 40 గజాల పరుగు, నిలబడి పైకి దూకడం, ముందుకు దూకడం, 102 కిలోల బరువును ఎన్నిసార్లు ఎత్తగలడో లెక్కపెట్టడం, దిశ మార్చుకుంటూ పరిగెత్తడం, ఇవీ పరీక్షలు. కుర్రాడు హెల్మెట్ లేకుండా, ప్యాడ్లు లేకుండా, బిగుతైన షార్ట్స్‌లో వచ్చి గీత దగ్గర వంగుతాడు. తుపాకీ మోగదు, విజిల్ ఊదరు. అతనికి ఎప్పుడు వీలైతే అప్పుడు కదులుతాడు. ఎదురుగా ఎవరూ ఉండరు. దారి తిన్నగా ఉంటుంది.

మ్యాచ్‌లో పాస్ రషర్, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే ఆటగాడి, పని వేరు. బంతి ఎప్పుడు కదులుతుందో అవతలి జట్టు నిర్ణయిస్తుంది. ఎదురుగా క్వార్టర్‌బ్యాక్‌ను కాచే 140 కిలోల లైన్‌మన్ చేతులు చాచి కాచుకుని ఉంటాడు. క్వార్టర్‌బ్యాక్ చేతిలో బంతి ఉండేది సుమారు రెండున్నర, మూడు సెకన్లు. ఆలోపు ఆ లైన్‌మన్ బరువు ఏ కాలి మీద ఉందో కనిపెట్టి, అతని చేతిని పక్కకు కొట్టి, భుజం వంచి మూల తిరగాలి. 40 గజాలు తిన్నగా పరిగెత్తే సందర్భం అతనికి సీజన్ మొత్తంలో ఎన్నిసార్లు వస్తుంది? మొదటి అడుగు వేగం, నడుము వంపు, చేతి పని అతని అన్నం పెట్టే విద్యలు. వాటిని చూడాలంటే మ్యాచ్ వీడియో పెట్టుకుని గంటలకొద్దీ కూర్చోవాలి. స్టాప్‌వాచ్‌తో ఆ పని అవదు.

పైగా ఈ పరీక్షలకు కోచింగ్ ఉంది. కాలేజీ సీజన్ అయిపోగానే కుర్రాళ్లు ప్రైవేటు ట్రైనర్ల దగ్గర చేరి, గీత దగ్గర చెయ్యి ఎక్కడ ఆనించాలి, మొదటి అడుగు ఎంత పొడవు వెయ్యాలి అని వారాల తరబడి సాధన చేస్తారు. ఎంట్రన్స్ పరీక్షల కోచింగ్ సెంటర్లు చూసిన మనకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అలా వచ్చిన ర్యాంకు ఎంత చెబుతుందో, ఎంత చెప్పదో కూడా మనకు తెలుసు.

2009లో ఓక్లాండ్ రైడర్స్ చేసిన పని ఈ మోజుకు పరాకాష్ఠ అనిపిస్తుంది. ఆ ఏడాది టెక్సస్ టెక్ యూనివర్సిటీ రిసీవర్ (విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) మైకేల్ క్రాబ్‌ట్రీ డ్రాఫ్ట్‌కు వచ్చాడు. దేశంలో ఉత్తమ రిసీవర్‌కు ఇచ్చే బిలెట్నికాఫ్ అవార్డును వరసగా రెండుసార్లు గెలిచినవాడు. 2007లో ఒక్క సీజన్లోనే 134 బంతులు అందుకుని 1,962 గజాలు, 22 టచ్‌డౌన్లు సాధించాడు. పాదం ఎముకకు గాయం ఉండడంతో కంబైన్‌లో పరిగెత్తలేదు. మేరీలాండ్ కుర్రాడు డారియస్ హేవర్డ్-బే మాత్రం 4.30 సెకన్లలో పరిగెత్తాడు. రైడర్స్ యజమాని ఆల్ డేవిస్‌కు వేగమంటే ప్రాణం. ఏడో పిక్ హేవర్డ్-బేకు వెళ్లింది. మూడు స్థానాల తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్ క్రాబ్‌ట్రీని తీసుకున్నారు.

మొదటి సీజన్లో హేవర్డ్-బే అందుకున్న బంతులు తొమ్మిది. కాంట్రాక్టు గొడవతో అక్టోబర్ దాకా సంతకమే పెట్టని క్రాబ్‌ట్రీ, మిగిలిన 11 మ్యాచ్‌ల్లోనే 48 అందుకున్నాడు. హేవర్డ్-బే చెడ్డ ఆటగాడేమీ కాదు. తర్వాత పిట్స్‌బర్గ్‌లో ఏళ్ల తరబడి నిలబడ్డాడు, కష్టపడే మనిషిగా పేరు తెచ్చుకున్నాడు. ఏడో పిక్ అన్న ముద్ర లేకుండా మూడో రౌండ్లో వచ్చి ఉంటే అతన్ని ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. ఆరేళ్ల తర్వాత, 2015లో, రైడర్స్ తమకు రిసీవర్ కావాలని వెతుక్కుని అదే క్రాబ్‌ట్రీని తెచ్చుకున్నారు.

2003లో టెరెల్ సగ్స్ కథ కూడా ఇలాంటిదే. అరిజోనా స్టేట్ తరఫున 2002లో 24 సాక్స్ చేసి కాలేజీ రికార్డు నెలకొల్పాడు. డ్రాఫ్ట్‌కు ముందు 40 గజాలు నెమ్మదిగా పరిగెత్తేసరికి అందరికీ అనుమానం పట్టుకుంది. అతని కాలేజీ మైదానమే అప్పట్లో అరిజోనా కార్డినల్స్ సొంత మైదానం కూడా. ఆరో పిక్ చేతిలో ఉన్న కార్డినల్స్ దాన్ని న్యూ ఆర్లీన్స్‌కు ఇచ్చేసి వెనక్కి వెళ్లారు. బాల్టిమోర్ రేవెన్స్ పదో పిక్‌తో సగ్స్‌ను తీసుకున్నారు. మొదటి ఏడాదే 12 సాక్స్, కెరీర్ మొత్తంలో 139.

ఇక్కడ అవతలి పక్షం జాష్ అలెన్ పేరు తీస్తుంది. తీయాలి కూడా. వయోమింగ్ యూనివర్సిటీలో అతని పాస్‌లు చేరినవి నూటికి 56. పెద్ద కాలేజీలు పట్టించుకోక ఒక జూనియర్ కాలేజీలో మొదలుపెట్టిన కుర్రాడు. ఆరడుగుల ఐదంగుళాల ఎత్తు, ఫిరంగి లాంటి చెయ్యి. బఫెలో బిల్స్ 2018లో ఏడో పిక్‌తో తీసుకున్నప్పుడు చాలామంది నవ్వారు. మొదటి ఏడాది 52.8 శాతం, రెండో ఏడాది 58.8 శాతం. మూడో ఏడాది, 2020లో, 69.2 శాతానికి ఎగబాకాడు. 2024 సీజన్‌కు లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడిగా ఎంవీపీ అందుకున్నాడు.

అలెన్ ఎదుగుదల నిజం. కానీ అతని నుంచి జట్లు నేర్చుకున్న పాఠం మాత్రం తప్పు. చెయ్యి బలం ఉంటే గురి అదే వస్తుందని అనుకున్నారు. బఫెలోలో జరిగింది వేరు. సీజన్ల మధ్య కూర్చుని అతను విసిరే పద్ధతినే మార్చుకున్నాడు. బ్రయన్ డేబోల్ అనే ఒకే కోచ్ మొదటి నాలుగేళ్లూ అతని అఫెన్స్‌ను నడిపాడు. 2020లో స్టెఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్‌ను తెచ్చిచ్చారు. మొదటి రెండేళ్ల తప్పులకు యాజమాన్యం కంగారుపడలేదు. ఇన్ని కలిసి రావడం ప్రతి ఊళ్లోనూ కుదరదు.

కుదరకపోతే ఏమవుతుందో ఇండియానాపోలిస్‌లో చూశాం. ఫ్లోరిడా క్వార్టర్‌బ్యాక్ ఆంథనీ రిచర్డ్‌సన్ 2023 కంబైన్‌లో 110 కిలోల బరువుతో 4.43 సెకన్లలో పరిగెత్తాడు. నిలువుగా నలభైన్నర అంగుళాలు దూకి క్వార్టర్‌బ్యాక్‌ల రికార్డు బద్దలుకొట్టాడు. అయితే కాలేజీలో స్టార్టర్‌గా, అంటే మ్యాచ్‌ను మొదలుపెట్టే ఆటగాడిగా, ఆడిన మ్యాచ్‌లు 13 మాత్రమే. చివరి సీజన్లో చేరిన పాస్‌లు 54 శాతం లోపు. ఇండియానాపోలిస్ జట్టు కోల్ట్స్ నాలుగో పిక్ ఇచ్చారు, డ్రాఫ్ట్ రోజుకు అతనికి ఇంకా 21 నిండలేదు. ఆ ఆగస్టులోనే స్టార్టర్‌గా ప్రకటించారు. నాలుగు మ్యాచ్‌లకే భుజం గాయం, సీజన్ అయిపోయింది. 2024లో 47.7 శాతం పాస్‌లే చేరాయి, మధ్యలో బెంచ్ మీద కూర్చోబెట్టి నలభై ఏళ్లకు చేరువైన జో ఫ్లాకోను ఆడించారు. 2025 సీజన్ మొదలయ్యేసరికి ఆ స్థానం డేనియల్ జోన్స్‌కు వెళ్లిపోయింది.

దీనికి ఆ కుర్రాణ్ణి నిందించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. అతనికి కావలసింది మ్యాచ్‌లు, ఓపిక, చాటున నేర్చుకునే సమయం. నాలుగో పిక్ అన్నాక అవేవీ దొరకవు. టికెట్లు కొన్నవాళ్లు, టీవీలో మాట్లాడేవాళ్లు, యజమాని అందరూ ఈ ఆదివారమే ఫలితం కావాలంటారు. నేర్చుకోవాల్సినవాణ్ణి అత్యంత ఖరీదైన స్థానంలో తీసుకోవడంలోనే ఈ చిక్కు ఉంది.

కాంట్రాక్టుల తీరు ఈ చిక్కును ఇంకా బిగించింది. 2010లో మొదటి పిక్ సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది. మరుసటి ఏడాది లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన కొత్త ఒప్పందంతో కొత్త ఆటగాళ్ల జీతాలకు కళ్లెం పడింది. ఇప్పుడు మొదటి రౌండ్ ఆటగాడికి నాలుగేళ్లు, జట్టు కోరుకుంటే ఐదో ఏడాది. దాంతో డబ్బు రిస్క్ తగ్గింది కదా, ఇక ధైర్యంగా పందెం కాయొచ్చు అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. మంచి ఆటగాడు తక్కువ జీతానికి దొరికేది ఆ నాలుగైదేళ్లే. అందులో రెండు మూడేళ్లు నేర్చుకోవడానికే పోతే, ఆట వచ్చేసరికి పెద్ద కాంట్రాక్టు అడిగే సమయం వస్తుంది. నేర్పిన ఖర్చు ఒకసారి, నేర్చుకున్నందుకు ఖర్చు ఇంకోసారి.

వాకర్, హచిన్సన్ లెక్క కూడా ఇలాగే చూడాలి. వాకర్ విఫలమయ్యాడని నేను అనను. జార్జియాలో అతని పని ఎక్కువగా లోపలి దారులు మూయడం, సాక్స్ తక్కువగా ఉండడానికి అదొక కారణం. ఆ డిఫెన్స్ నుంచి ఆ ఏడాది ఐదుగురు మొదటి రౌండ్లో వెళ్లారు. ఎన్ఎఫ్ఎల్‌లో 2023లో 10, 2024లో పదిన్నర సాక్స్ చేశాడు. కానీ మొదటి ఏడాది మూడున్నరే. హచిన్సన్ మొదటి ఏడాదే తొమ్మిదిన్నర చేసి, అవతలివాళ్ల పాస్‌లను మధ్యలోనే మూడుసార్లు పట్టాడు కూడా. 2024లో కాలు విరిగి ఐదు మ్యాచ్‌లకే ఆగిపోయినా, ఆ సీజన్ చివరికి 39 మ్యాచ్‌ల్లో ఇరవై ఎనిమిదిన్నర సాక్స్ అతనివి. వాకర్‌వి 49 మ్యాచ్‌ల్లో 24. డెట్రాయిట్ 2023 సీజన్లో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌కు ఒక్క మ్యాచ్ దూరం దాకా వచ్చింది.

హచిన్సన్‌ది చేతుల పొడవు తక్కువ అన్నారు. అయితే దిశ మార్చే పరుగులో అతని సమయం చాలా బాగుంది. అంటే ఆడి చూపించినవాడికి శరీరం లేదనుకోవడమే పొరపాటు. 14 సార్లు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టినవాడికి అందుకు కావలసిన దేహం ఉన్నట్టే. కూపర్ కప్ ఈస్టర్న్ వాషింగ్టన్‌లో నాలుగేళ్లలో 6,464 గజాలు అందుకున్నాడు. 40 గజాలకు 4.62 సెకన్లు పట్టిందని 2017లో 69వ పిక్ దాకా ఆగాల్సి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత ఒకే సీజన్లో 145 బంతులు, 1,947 గజాలు, ఆపై సూపర్ బౌల్ ఉత్తమ ఆటగాడు. అదే డ్రాఫ్ట్‌లో 4.22 సెకన్ల అప్పటి రికార్డు పరుగుతో తొమ్మిదో పిక్‌గా వెళ్లిన జాన్ రాస్ మొదటి ఏడాది ఒక్క బంతీ అందుకోలేదు. గాయాలు కూడా అతన్ని వెంటాడాయి, అది మరిచిపోకూడదు.

మరి ముడి ప్రతిభకు చోటే లేదా? ఉంది, ఫిలడెల్ఫియాలో చూపించారు. జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడిన కుర్రాడు. ఆరడుగుల ఎనిమిదంగుళాలు. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. ఈగల్స్ 2018లో ఏడో రౌండ్లో, 233వ పిక్‌తో తీసుకున్నారు. జెఫ్ స్టౌట్‌ల్యాండ్ అనే లైన్ కోచ్ నిలబడే పద్ధతి దగ్గర్నుంచి నేర్పాడు. 2020 దాకా అతను ఒక్క మ్యాచ్ ఆడకపోయినా అడిగినవాళ్లు లేరు. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచిన జట్టులో క్వార్టర్‌బ్యాక్‌ను ఎడమ పక్క కాచే లెఫ్ట్ టాకిల్ అతనే. పందెం బఫెలోది ఎంత పెద్దదో ఇదీ అంత పెద్దదే, కాకపోతే పోయినా పోయేది 233వ పిక్.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రాక్టీస్ కేంద్రం చుట్టుపక్కల పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఈ పేర్లన్నీ కంఠతా వచ్చు. కంబైన్ నంబర్లూ వాళ్ల నోటి చివరే ఉంటాయి. జట్లకు కూడా ఆ నంబర్లు నచ్చడానికి కారణం ఉంది. ఓడిపోతే యజమానికి చూపించడానికి ఒక అంకె ఉంటుంది. వీడియో చూసి ఇతను ఆడగలడని చెప్పిన స్కౌట్‌కు ఆ రక్షణ లేదు. జనరల్ మేనేజర్ల ఉద్యోగాలు రెండు మూడు సీజన్లలో తేలిపోయే చోట ఈ భయం చిన్నది కాదు.

కొలతల మోజు పక్క జట్టుకు ఉన్నప్పుడు చేయాల్సిన పని టాంపా బే బకనీర్స్ 1995లోనే చేశారు. బోస్టన్ కాలేజీ కుర్రాడు మైక్ మముల కంబైన్ పరీక్షల కోసమే ప్రత్యేకంగా తయారై వచ్చి అందరినీ ఆశ్చర్యపరిచాడు. అతని కోసం ఫిలడెల్ఫియా ఈగల్స్ టాంపా చేతిలోని ఏడో పిక్ అడిగి, తమ 12వ పిక్‌తో పాటు రెండు రెండో రౌండ్ పిక్‌లు ఇచ్చారు. మముల గాయాల మధ్యే ముప్పై ఒకటిన్నర సాక్స్ చేసి 2000 సీజన్‌తో ఆట ముగించాడు. టాంపా 12వ పిక్‌తో వారెన్ శాప్‌ను తీసుకుంది. ఈగల్స్ ఇచ్చిన పిక్‌ల ఆసరాతో మళ్లీ ముందుకు జరిగి 28వ పిక్‌తో డెరిక్ బ్రూక్స్‌ను తెచ్చుకుంది. ఇద్దరూ కాలేజీలో మొనగాళ్లు, ఇద్దరూ ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. 2003 జనవరిలో వాళ్లిద్దరితో టాంపా ఫిలడెల్ఫియా వెళ్లి, ఈగల్స్‌ను వాళ్ల సొంత మైదానంలోనే 27-10తో ఓడించి సూపర్ బౌల్‌కు చేరింది.